కనరు

డబ్బా నంబరు మూడు వందల పదకొండు.
పేరు రాయకూడదు, రూలు.
నాకు మాత్రం తెలుసు. రామలింగప్ప,
కబ్బన్‌పేట సందులో పట్టుమగ్గం,
నలభై రెండేళ్ళు నాడె విసిరిన చెయ్యి.

హోసూరు రోడ్డు మీది మా గదిలో
పన్నెండు నెలలూ ఫార్మలిన్ వాసన, చలి.
మెదడును రొట్టెలా కోస్తామనుకుంటారు.
కాదు, జున్నులా. కత్తి తన బరువుకే దిగుతుంది.
నడిమెదడు దగ్గర ఆగి చూస్తాను.
అక్కడ రెండు నల్లగీతలుండాలి,
కాటుక పెట్టుకుని కళ్ళు మూసుకున్నట్టు.
ఇతనికి కాటుక కరిగిపోయింది.
ఈ వణుకుతో పోయినవాళ్ళందరికీ అంతే.

నెలమాసికం అయిన మర్నాడు
ఆవిడ వచ్చింది, చౌడమ్మ.
సంతకాలన్నీ ఎప్పుడో అయిపోయాయి, పనేం లేదు.
"లోపల ఏం కనిపించింది?" అంది.
డాక్టరు సెలవు.
నేను టెక్నీషియన్ని, చెప్పే అధికారం లేదు.
క్యాంటీన్లో బై-టు కాఫీ తీసుకున్నాం.

ఎలా చెప్పను?
ఊపిరే కొరుకుతుందని?
ఒంట్లో యాభయ్యో వంతు బరువున్న ముద్ద
పీల్చిన ప్రాణవాయువులో ఐదో వంతు తినేస్తుందని,
ఆ మంటలోంచి రవ్వలు ఎగురుతాయని,
ఎగిరిన రవ్వనల్లా
లోపలెవరో తడిగుడ్డతో అద్దేస్తుంటారని,
ఒకనాటికి ఆ గుడ్డ ఆరిపోతుందని,
అప్పుడు కణం చుట్టూ ఉన్న కొవ్వుపొర
మూతపెట్టని నువ్వులనూనెలా
ముక్కిపోతుందని?

"వంకాయ కోసి వదిలేస్తే ఏమవుతుందమ్మా?" అన్నాను.
"కనరెక్కుతుంది," అంది ఆలోచించకుండా.
"ఎందుకని?"
"గాలి తగిలి."
అంతే.
నాకు ఆరు నెలల ట్రైనింగు,
ఆవిడకు రెండు మాటలు.

గ్లాసు కింద పెట్టింది.
"మరి ఉప్పునీళ్ళు?"

నేను తలెత్తలేదు.
వెతికారమ్మా ఉప్పునీళ్ళు.
విటమిన్లు గుప్పిళ్ళతో పోశారు.
గాజుపళ్ళెంలో కణాలు బతికాయి,
ఎలుకలు కాస్త తేరుకున్నాయి,
మనుషుల దగ్గరికొచ్చేసరికి
మందు మింగినవాడూ ఒకటే
ఉత్తి మాత్ర మింగినవాడూ ఒకటే.
గాలి తగలడమే మొదలో,
అంతకు ముందే ఎక్కడో కోత పడిందో,
పెద్దవాళ్ళకే ఇంకా తేలలేదు.

ఆవిడ కాసేపు రోడ్డు చూసింది.
తర్వాత మగ్గం సంగతి.
రెక్కాడితే గానీ డొక్కాడదంటారు,
ఆయనకు రెక్క ఆడటం ఆగకే డొక్క మాడింది.
మొదట బొటనవేలు.
తర్వాత నాడె పడుగులో చిక్కడం.
జరీ అంచులో వంకర వచ్చిందని
షావుకారు ఒక చీర తిప్పి పంపాడు.
"అమ్మలేదు. నేనే ఉంచుకున్నా.
ఇదే," అంది కొంగు చాపి.

అంచు నల్లబడింది,
గాలికి వెండి కూడా తట్టుకోదు.
మధ్యలో బెత్తెడు మేర
జరీ గీత సన్నగా వణికింది.
పదేళ్ళ కిందటి చీర.
జబ్బుకు పేరు పెట్టి ఆరేళ్ళే.

ఒకటి మాత్రం చెప్పలేదు ఆవిడకు.
చెడితే వంకాయ నల్లబడుతుంది,
ఇక్కడ నలుపే ఉండాల్సింది.
బతికినన్నాళ్ళూ కాలిన మసినంతా
ఆ కణాలు మూటగట్టి,
వచ్చిన ఇనుమునూ అందులోనే కట్టేసి
కడుపులో దాచుకుంటాయి.
అవి పోయాకే తెల్లబడేది.
చెప్పి ఉండాల్సిందేమో.
మగ్గం మనిషి, మూటల సంగతి తెలుసు.

సాయంత్రం మడివాళ మార్కెట్లో
పావుకిలో వంకాయలు కొన్నాను.
గిన్నెలో నీళ్ళు, ఉప్పు, ముక్కలు.
ఒకటి మునగకుండా తేలుతోంది.
వేలితో నొక్కాను.
వదిలితే
మళ్ళీ గాలిలోకే.